వింతకథలు, విజ్ఞానకథలు: మన పిల్లలు ఏమి చదువవలెను?

పిల్లలు కథల పుస్తకములు చదువుట మంచిదా, కాదా యను ప్రశ్న ప్రతి తరమువారికిని కలుగుచునే యున్నది. పాఠ్యపుస్తకము ప్రక్కన బెట్టి కథల పుస్తకము చేతబట్టిన బాలుని చూచి పెద్దలు విసుగుకొనుట క్రొత్తవిషయము కాదు. అందునను ఆ కథలో మాంత్రికులు, రాక్షసులు, చంద్రలోక యాత్రలు, యంత్రపురుషులు ఉన్నచో ఆ విసుగు రెట్టింపగును. “ఇవన్నియు కట్టుకథలు గదా, వీనివలన పరీక్షలో ఒక్క మార్కైనను వచ్చునా?” అని తల్లిదండ్రులు అడుగుదురు. ఈ ప్రశ్న న్యాయమైనదే. దానికి మాకు తోచిన సమాధానమును, ఆ సమాధానముతోపాటు ఏ వయస్సు పిల్లలకు ఏ పుస్తకములు తగునో ఆ వివరమును మన పాఠశాల విద్యార్థుల తల్లిదండ్రుల ముందుంచుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మన ప్రాంతపు భాషాస్థితి

తెలుగు రాష్ట్రములలో ఈ ప్రశ్నకు ఉన్న ప్రాముఖ్యముకంటె చిమ్కోడులో ఉన్న ప్రాముఖ్యము ఎక్కువ. బీదరు జిల్లా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోని భాగము. ఆ సంవత్సరము నవంబరు 1వ తేదీన భాషాప్రయుక్త రాష్ట్రములు ఏర్పడినపుడు ఈ జిల్లా మైసూరు రాష్ట్రమున చేరెను. ఆ రాష్ట్రమే 1973లో కర్ణాటకమను పేరు దాల్చినది. సరిహద్దు రేఖలు మారినను ఇండ్లలోని భాషలు మారలేదు. కన్నడము, తెలుగు, మరాఠీ, దక్కనీ ఉర్దూ ఈ నాలుగును ఈ నేలమీద కలిసి మెలిసి బ్రతుకుచున్నవి. మన పిల్లవాడు ఇంట తెలుగు మాటలాడి, వీధిలో కన్నడము మాటలాడి, సంతలో ఉర్దూయో మరాఠీయో విని అర్థము చేసికొనును. ఇది లోపము కాదు, భాగ్యము.

అయితే మాటలాడు భాష వేరు, చదువుకొను భాష వేరు. తెలుగునాటి బాలునకు దుకాణముపై పలకమీద, బస్సుమీద, గోడమీద, సినిమా ప్రకటనమీద తెలుగు అక్షరము కనబడుచునే యుండును. మన బాలునకు పాఠశాలలోను, ఇంటిలోను తప్ప తెలుగు అక్షరము కంటబడు తావులు మిక్కిలి తక్కువ. అందువలన అతని తెలుగు వంటయింటి మాటలకును, పొలము పనుల మాటలకును, చుట్టపుచూపుల పలకరింపులకును పరిమితమైపోవు ప్రమాదమున్నది. నక్షత్రమును గూర్చి, సముద్రమును గూర్చి, సాహసమును గూర్చి, సందేహమును గూర్చి తెలుగులో ఆలోచించుటకు కావలసిన మాటలు అతనికి ఎక్కడనుండి రావలెను? పుస్తకమునుండియే రావలెను. పాఠ్యపుస్తకమును బాలుడు చదువుట గురువుగారు చదువుమన్నందువలన. ఎవరును చెప్పకయే, దీపమార్పుమన్నను ఆర్పక చదువు పుస్తకము మరియొకటి కావలెను. అట్టి పుస్తకములలో వింతకథలకు, విజ్ఞానకథలకు మొదటి వరుసలో స్థానమున్నది.

ఈ రహస్యమును మన పెద్దలు ఎప్పుడో గ్రహించిరి. మధిర సుబ్బన్న దీక్షితులు గారు రచించిన “కాశీమజిలీ కథలు” ఎట్లు మొదలగునో పలువురకు జ్ఞాపకముండును. మణిసిద్ధుడను యతి కాలినడకను కాశికి పోవ దలచి, తోడుగా గోపుడను పశువుల కాపరి పిల్లవానిని పిలుచును. అంత దూరము నడచుటకు ఆ పిల్లవాడు ఒక్క నియమము పెట్టును. మజిలీ మజిలీకి తాను చూచిన వింతను గూర్చి అడుగుదుననియు, దాని కథ చెప్పవలసినదే యనియు, చెప్పనిచో వెనుదిరిగి పోవుదుననియు అతని షరతు. కథకొరకై గోపుడు మజిలీ తరువాత మజిలీ నడచును. మన పిల్లలు భాషలో నడువవలసిన దారియు అట్టిదే. కాశి దూరమని చెప్పి భయపెట్టినచో ఎవడును బయలుదేరడు. తరువాతి మజిలీలో కథ యున్నదని తెలిసినచో తానే ముందు నడచును.

రెండు జాతుల కథలు

పుస్తకములు ఎంచుకొనుటకు ముందు ఈ కథలలో రెండు జాతులున్నవని గుర్తింపవలెను. మొదటిది అద్భుత కథ. ఇందులో మంత్రముచే మనుష్యుడు పక్షియగును, పాదుకలు ధరించి ఆకాశమున ఎగురును. ఎట్లు ఎగురునని ఎవ్వరును అడుగరు, అడుగుట ఆ కథకు మర్యాదయు కాదు. రెండవది విజ్ఞానకథ. ఇందులోను మనుష్యుడు ఆకాశమున ఎగురును. కాని రచయిత ఒక కారణము చెప్పును: ఇంధనమిది, వేగమింత, యంత్రము ఇట్టిది అని. ఆ కారణము సరియైనదా, కాదా యని పరీక్షించు హక్కు పాఠకునకు కలదు.

ఈ రెండును పిల్లలకు అవసరమే. అద్భుత కథ ధైర్యమును, జాలిని, మాటపట్టును, మంచిచెడ్డల వివేకమును నేర్పును. విజ్ఞానకథ “ఇది జరుగునా? జరుగవలెనన్న ఏమి కావలెను?” అని అడుగుట నేర్పును. ఒకదానిని మరియొకటిగా భ్రమపడినప్పుడే చిక్కు వచ్చును. ఆ విషయము ముందు చెప్పుదుము.

తెలుగున అద్భుత కథలు

అద్భుత కథలకు తెలుగులో కొరత లేదు. పదునారవ శతాబ్దమున పింగళి సూరన రచించిన “కళాపూర్ణోదయము” నందు కథలో కథ యిమిడి, ముందు చెప్పబడిన కథ తరువాత నిజముగా జరుగు విచిత్రమైన కూర్పు కలదు. ఇది పెద్ద విద్యార్థులకును, చదువరులైన తల్లిదండ్రులకును తగినది. పద్యము కష్టమనుకొన్నవారు ముందుగా కథాసారమును వచనమున చదివి పిదప మూలమునకు పోవచ్చును.

“కాశీమజిలీ కథలు” పండ్రెండు భాగములు. 1951లో కె.వి. రెడ్డి గారి దర్శకత్వమున వెలువడిన “పాతాళభైరవి” చలనచిత్రమునకు మూలము ఈ కథలలోనిదే. ఆ చిత్రము చూచిన పెద్దలు నేటికిని మన ఊళ్ళలో ఉన్నారు. వారిచేత ఆ కథ చెప్పించి, ఆ మీదట పుస్తకమును బాలుని చేతికిచ్చినచో మంచిది. ఒక్క హెచ్చరిక: ఈ గ్రంథము పిల్లలకొరకు మాత్రమే వ్రాయబడినది కాదు. పెద్దలకు ఉద్దేశింపబడిన ఘట్టములును ఇందు కలవు. కావున తల్లిదండ్రులు ముందుగా చదివి, తగిన కథలను ఏరి ఇయ్యవలెను.

పిల్లలకొరకే పుట్టినది “చందమామ”. బి. నాగిరెడ్డి, చక్రపాణి గారలు 1947 జూలైలో మద్రాసునుండి దీనిని తెలుగు, తమిళములలో ఆరంభించిరి. కొద్ది సంవత్సరములలోనే అది కన్నడము, హిందీ, మరాఠీ మున్నగు భాషలలోనికిని వ్యాపించెను. ఒకే కథను ఒకే బొమ్మతో మన యింటి పిల్లవాడు తెలుగులోను, పొరుగింటి పిల్లవాడు కన్నడములోను చదివిన కాలమది. 1952 మొదలు 1980లో మరణించు వరకు కొడవటిగంటి కుటుంబరావు గారు దాని సంపాదకత్వ బాధ్యత వహించిరి. చిన్న వాక్యములు, తేటమాటలు, అనవసరమైన వర్ణన లేకుండుట ఆ పత్రిక శైలికి గుర్తులు. తెలుగు చదువుట క్రొత్తగా నేర్చుకొను పిల్లలకు ఇంతకంటె మంచి వచనము దొరకుట కష్టము.

చందమామలో 1954లో “తోకచుక్క” అను ధారావాహికము ఆరంభమైనది. దానిని వ్రాసినవారు దాసరి సుబ్రహ్మణ్యము గారు. ఆ తరువాత “మకరదేవత”, “ముగ్గురు మాంత్రికులు”, “కంచుకోట”, “జ్వాలాద్వీపం”, “రాకాసిలోయ”, “పాతాళదుర్గం” మున్నగునవి వరుసగా వచ్చినవి. నెల తిరిగి క్రొత్త సంచిక వచ్చు వరకు పిల్లలు, పెద్దలును వేచియుండెడివారు. ఆ కథలతో పెరిగినవారిలో అనేకులకు రచయిత పేరైనను చాలకాలము తెలియదు. 2010లో ఆయన మరణించిరి. ఆ ధారావాహికములు ఇటీవలి సంవత్సరములలో పుస్తకరూపమున వచ్చినవి. పత్రిక ముద్రణ నిలిచిపోయినను పాత సంచికల ప్రతులు అంతర్జాలమున చదువుటకు వీలుగా నున్నవి. ఇంటిలోని చరవాణి ఎటులనో పిల్లల చేతికి పోవుచునే యున్నది. దానిలో ఒక అరగంట పాత చందమామను చదివించినచో ఆ యంత్రమునకును సార్థకత కలుగును.

బేతాళ కథలను ప్రత్యేకముగా చెప్పవలెను. వీని మూలము సోమదేవుడు పదునొకండవ శతాబ్దమున కాశ్మీరమున సంస్కృతమున రచించిన “కథాసరిత్సాగరము”నందును కలదు. మూలకథలు ఇరువదియైదే యైనను చందమామ వారు వానిని ముగియనీయక, అదే పద్ధతిలో క్రొత్త కథలు కల్పించుచు వచ్చిరి. ప్రతి కథ చివరను బేతాళుడు విక్రమార్కుని ఒక చిక్కుప్రశ్న అడుగును. పిల్లలకు చదివి వినిపించునపుడు ఆ ప్రశ్నవద్ద పుస్తకము మూసి, “నీవైన ఏమి చెప్పుదువు?” అని అడుగవలెను. బాలుడు కారణము చూపుచు తెలుగులో నాలుగు వాక్యములు చెప్పును. న్యాయమును విచారించుట, వాదమును నిలుపుట, భాషను కూర్చుట అను మూడు విద్యలును ఒక్క ప్రశ్నలో లభించును.

విజ్ఞానకథలు

విజ్ఞానకథలను ఒక ఉదాహరణముతో వివరింతుము. ఫ్రెంచి రచయిత జూల్ వెర్న్ 1865లో చంద్రలోక యాత్రను గూర్చి ఒక నవల ప్రకటించెను. అందు అమెరికాలోని ఫ్లోరిడా ప్రాంతమున ఒక పెద్ద ఫిరంగిని నిర్మించి, దాని గుండులో ముగ్గురు మనుష్యులను కూర్చుండబెట్టి చంద్రుని వైపు పేల్చుదురు. తరువాతి భాగమున వారు చంద్రుని చుట్టివచ్చి పసిఫిక్ మహాసముద్రమున పడుదురు. నూరు సంవత్సరములు దాటిన పిమ్మట, 1969 జూలై 16వ తేదీన అపోలో 11 అను నౌక ముగ్గురు యాత్రికులతో ఆ ఫ్లోరిడానుండియే బయలుదేరి, తిరిగివచ్చి పసిఫిక్ మహాసముద్రముననే దిగినది! ఇది వినిన బాలునకు కలుగు ఆశ్చర్యమును ఎవరైనను ఊహింపవచ్చును.

అయితే ఆశ్చర్యముతో ఆగరాదు. వెర్న్ చెప్పిన ఫిరంగి పొడవు 900 అడుగులు, అనగా సుమారు 274 మీటర్లు. భూమి ఆకర్షణను దాటిపోవలెనన్న సెకనుకు సుమారు 11 కిలోమీటర్ల వేగము కావలెను. ఆ వేగమును 274 మీటర్ల దూరములోనే పొందవలెనన్న లోపలివానిపై ఎంత ఒత్తిడి పడును? వేగపు వర్గమును దూరమునకు రెట్టింపుచే భాగించుట ఉన్నత పాఠశాల విద్యార్థులకు తెలిసిన లెక్కయే. ఆ లెక్క ప్రకారము ఒత్తిడి మనుష్యుని బరువునకు ఇరువది వేల రెట్లకు మించును. 50 కిలోల మనుష్యునిపై 1000 టన్నుల భారము పడినట్లగును. పాపము, ఆ ముగ్గురు యాత్రికులు ఫిరంగి నోరు దాటకముందే నలిగిపోయియుందురు. రాకెట్టు అట్లు కాక, నిమిషములపాటు క్రమక్రమముగా వేగము పెంచుకొనును. కావున యాత్రికులు భరింపగల ఒత్తిడియే కలుగును. వెర్న్ ఎక్కడ సరిగా ఊహించెనో, ఎక్కడ తప్పెనో కనుగొన్న బాలుడు ఒక భౌతికశాస్త్ర పాఠమును తానై నేర్చుకొన్నవాడగును. 2023 ఆగస్టు 23వ తేదీన మన చంద్రయాన్-3 చంద్రుని దక్షిణధ్రువ ప్రాంత సమీపమున దిగినపుడు శ్రీహరికోటనుండి ఫిరంగి గుండు గాక రాకెట్టే ఎందుకు పోయెనో ఆ బాలునకు వేరుగా చెప్పనక్కరలేదు.

రోబోటు అను మాటకును ఇట్టి చరిత్రయే కలదు. చెకోస్లోవేకియా రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రకటించిన నాటకముతో ఈ మాట లోకమునకు వచ్చినది. చెక్ భాషలో దీని మూలపదమునకు బలవంతపు చాకిరి యని అర్థము. మన పాత హైదరాబాదు రాష్ట్రపు పల్లెలలో దానినే “వెట్టి” యనిరి. రోబోటు అనగా వెట్టివాడన్నమాట. ఆ నాటకములో వెట్టివాండ్రు తిరుగబడుదురు. ఈనాడు యంత్రములు వ్రాయుచున్నవి, మాటలాడుచున్నవి. పిల్లలు వానిని గూర్చి మనలను ప్రశ్నించుచున్నారు. పనిచేయించుకొనువానికి పనిచేయువానిపట్ల గల బాధ్యత యేమి యను ప్రశ్నను నూరేండ్ల క్రిందటి ఆ నాటకము మన ముందుంచినదని చెప్పినచో, యంత్రముల ముచ్చట మనుష్యుల ముచ్చటయే యని పిల్లలకు తెలియును.

విజ్ఞానకథ పాశ్చాత్యుల సొత్తు మాత్రమే యని భావింపరాదు. ప్రఖ్యాత శాస్త్రజ్ఞుడు జగదీశ చంద్ర బోసు 1896లో బెంగాలీలో ఒక కథ వ్రాసెను. ఒక తలనూనె కంపెనీ వారు పెట్టిన పోటీకై వ్రాసిన కథ యది. కలకత్తా మీదికి రానున్న తుపాను సముద్రముపై ఒక సీసా తలనూనె పోయుటతో శాంతించుట అందలి విషయము. నూనెపొర అలలను కొంత అణచునను శాస్త్ర విషయమును పట్టుకొని ఆయన నవ్వుపుట్టించు కథ నల్లెను. 1905లో బేగం రొకేయా “సుల్తానా స్వప్నం” అను కథను ఆంగ్లమున వ్రాయగా అది మద్రాసు పత్రికలో వెలువడినది. అందలి దేశమున పురుషులు ఇంట పరదాలో నుందురు. స్త్రీలు సూర్యుని వేడిమితో పనులు సాగించుచు, మేఘములనుండి నీరు తీయుచు రాజ్యమేలుదురు. మన ఆడపిల్లలకు ఈ కథ తప్పక చదివి వినిపింపవలసినది. మగపిల్లలకు మరింత తప్పనిసరి.

మన పొరుగు భాషలోని మరియొక ఉదాహరణము చూడుడు. ఖగోళ శాస్త్రజ్ఞుడు జయంత నార్లీకర్ (1938–2025) మరాఠీలో విజ్ఞానకథలు వ్రాసిరి. 1974లో ఒక కథల పోటీకి ఆయన కృష్ణబిలమును గూర్చిన కథను నారాయణ్ వినాయక్ జగతాప్ అను మారుపేరుతో పంపెను. తన కీర్తిని చూచి గాక కథను చూచియే నిర్ణయింపవలెనని ఆయన కోరిక. బహుమానము ఆ కథకే వచ్చినది. జగమెరిగిన శాస్త్రవేత్త తన మాతృభాషలో కథ వ్రాయుట చిన్నతనముగా తలపలేదన్నది ఇందు మనము గ్రహింపవలసినది. కన్నడమున రాజశేఖర భూసనూరమఠ గారు విజ్ఞానకథలకు పేరెన్నికగన్నవారు. ఉర్దూలో 1883 మొదలు లక్నోలోని నవల్ కిశోర్ ముద్రణాలయమువారు వెలువరించిన “తిలిస్మె హోష్‌రుబా” అద్భుత కథలకు మహాసముద్రము వంటిది. మన బీదరు పిల్లలకు ఈ భాషల తలుపులన్నియు తెరచియే యున్నవి. తెలుగులో చదువు రుచి మరిగినవాడు ఆ తలుపులలోనికి తానే పోగలడు.

తెలుగులో విజ్ఞానకథలు సంఖ్యకు తక్కువయే. ఉన్నవానిలో కొన్ని మేలైనవి. కుటుంబరావు గారి “గ్రహశకలం”, కాలిఫోర్నియాలో ఆచార్యులుగా పనిచేసిన వేమూరి వేంకటేశ్వరరావు గారి కథలు, వైద్యులైన చిత్తర్వు మధు గారి “కుజుడి కోసం” పెద్ద తరగతుల విద్యార్థులకు తగినవి. కథ కాకపోయినను కథవలె చదివించు శాస్త్రగ్రంథములను ప్రక్కన ఉంచుకొనుట మంచిది. మహీధర నళినీమోహన్ గారి “క్యాలెండర్ కథ”, “పిడుగు దేవర కథ”, వేమూరి వారి “జీవరహస్యం” అట్టివి. విజ్ఞానకథ సందేహమును పుట్టించును, ఈ పుస్తకములు దానిని తీర్చును. చలనచిత్రములలో సింగీతం శ్రీనివాసరావు గారి “ఆదిత్య 369” (1991) కాలయంత్రముపై ఎక్కి శ్రీకృష్ణదేవరాయల కొలువునకును, భవిష్యత్కాలమునకును పోవు కథ. ఇంటిల్లిపాది కూర్చుండి చూచి, ఆ పిమ్మట కాలయంత్రమను ఊహకు మూలమైన ఆంగ్ల రచయిత వెల్స్ నవలను (1895) పిల్లలకు పరిచయము చేయవచ్చును.

రెండు జాగ్రత్తలు

మొదటి జాగ్రత్త అద్భుతమును విజ్ఞానముతో కలిపివేయకుండుట. భాగవతమున కకుద్మి యను రాజు తన కుమార్తె రేవతితో బ్రహ్మలోకమునకు పోయి కొంచెముసేపు నిలిచి తిరిగివచ్చునప్పటికి భూమిపై యుగములే గడచియుండును. ఎంత గొప్ప ఊహ! వేగముగా పోవు గడియారము నెమ్మదిగా నడచునని 1905లో ఐన్‌స్టీన్ గణితముతో చూపెను. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన చెప్పినచో పిల్లలు ఆనందింతురు. కాని “ఇది మనవారికి ముందే తెలియును” అని చెప్పినచో ఊహకును, ప్రమాణమునకును గల భేదము పిల్లల మనస్సున చెరిగిపోవును. పురాణకర్తను కవిగా గౌరవింపుడు. శాస్త్రజ్ఞుని పరిశోధకునిగా గౌరవింపుడు. ఒకరి కిరీటము మరియొకరి తలపై పెట్టనక్కరలేదు.

రెండవ జాగ్రత్త భయమును గూర్చినది. చేతబడి, దయ్యములు నిజమే యని నమ్మించు పుస్తకములు నేడును అమ్ముడుపోవుచున్నవి. దాసరి వారి మాంత్రికుడు కథలోనే యుండును, పుస్తకము మూయగానే పోవును. ఆ పుస్తకములలోని దయ్యము పిల్లవాని పడకవద్దకు వచ్చును. పుస్తకము మూసిన తరువాత పిల్లవానికి ధైర్యము పెరిగినదా, తగ్గినదా యని చూచినచో మంచి పుస్తకమేదో తల్లిదండ్రులకు తెలిసిపోవును.

ఏ వయస్సునకు ఏది?

ఆరు మొదలు ఎనిమిదేండ్ల వరకు పిల్లలు తామై చదువుటకంటె వినుట మేలు. పంచతంత్రము, పేదరాశి పెద్దమ్మ చెప్పిన కథలు, చందమామలోని ఒకటి రెండు పుటల కథలు చాలును. ఇంటిలో అవ్వలు, తాతలు ఉన్నచో పుస్తకముకంటె వారే ముఖ్యులు. తొమ్మిది మొదలు పదునొకండేండ్ల వరకు బేతాళ కథలు, దాసరి వారి ధారావాహికములు ఇయ్యవలెను. ధారావాహికమును ఒక్కసారిగా గాక రోజునకు ఒక్క భాగము చొప్పున చదివించినచో పాతకాలపు ఆత్రము తిరిగివచ్చును. పండ్రెండు మొదలు పదునాలుగేండ్ల వరకు వెర్న్, వెల్స్ కథలను సంగ్రహ రూపమునను, ఏరిన కాశీమజిలీ కథలను, నళినీమోహన్ గారి పుస్తకములను ఇయ్యవచ్చును. ఆపైవారికి కుటుంబరావు, వేమూరి, చిత్తర్వు మధు గారల రచనలును, కళాపూర్ణోదయమును తగును.

కన్నడ అక్షరములు వచ్చి తెలుగు అక్షరములు రాని పిల్లలుగల తల్లిదండ్రులు నిరుత్సాహపడనక్కరలేదు. ఈ రెండు లిపులును ఒకే తల్లికి పుట్టి కొన్ని శతాబ్దముల క్రిందట వేరుపడినవి. ఒకటి వచ్చినవానికి రెండవది చాలవరకు వచ్చినట్లే. తలకట్టును, కొన్ని అక్షరముల ఆకారమును, ఒత్తులలోని కొన్ని భేదములను గుర్తుపట్టినచో చాలును. దీనికి వ్యాకరణ పుస్తకముకంటె చందమామ కథ త్వరగా పనిచేయును.

వింతలు పుస్తకములలోనే కాక మన చుట్టును ఉన్నవి. బహమనీ సుల్తానుల కాలమున త్రవ్విన కరేజులు, అనగా భూగర్భ జలమార్గములు, బీదరు సమీపమున నౌబాదువద్ద నేటికిని కలవు. 1472లో ముగిసిన మహమూద్ గవాన్ మదరసాలో మూడువేల వ్రాతప్రతులుగల గ్రంథాలయ ముండెనని ప్రసిద్ధి. బీదరు వైమానికదళ శిక్షణకేంద్రపు విమానములు మన ఆకాశమున నిత్యము ఉరుముచునే యున్నవి. భూమి లోపలికి పోవు కథ చదివిన బాలుని ఆ కరేజులవద్దకు తీసికొనిపోవుడు. “ఈ సొరంగములోనుండి ఐదువందల ఏండ్ల నాటి మనుష్యుడొకడు పైకి వచ్చి ఆ విమానమును చూచినచో ఏమనును?” అని అడుగుడు. జవాబును తెలుగులో ఒక పుటకు మించకుండ వ్రాయుమనుడు. మన ప్రాంతపు మొదటి విజ్ఞానకథ అక్కడ పుట్టినను పుట్టవచ్చును.

తల్లిదండ్రులకు మనవి

మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగిన సౌకర్యములు కల్పించుటకు యత్నింపవలెనని భారత రాజ్యాంగము 350-ఎ అధికరణము ద్వారా రాష్ట్రములను ఆదేశించినది. భాషాల్పసంఖ్యాకులు తమ విద్యాసంస్థలను స్థాపించి నడుపుకొను హక్కును 30వ అధికరణము ఇచ్చినది. ఈ హక్కులు విలువైనవి. వీనివలన పాఠశాల దొరకును, ఉపాధ్యాయుడు దొరకును, పాఠ్యపుస్తకము దొరకును. కాని తరువాతి పుట త్రిప్పవలెనను కోరికను ఏ అధికరణమును ఇయ్యజాలదు. అది ఇంటిలో, రాత్రి భోజనమైన పిదప, ఒక పావుగంటలో పుట్టవలసినది.

కావున మేము కోరునది పెద్దది కాదు. వారమునకు మూడు రాత్రులు పావుగంట చొప్పున ఒక తెలుగు కథను బిగ్గరగా చదువుడు. చదువురాని తల్లిదండ్రులు పిల్లవానిచేత చదివించుకొని వినుడు. వినువారున్నచో చదువువానికి ఉత్సాహము పెరుగును. నెలకొక పుస్తకము చొప్పున ఇరుగుపొరుగు కుటుంబములు కొని మార్చుకొన్నచో ఖర్చు కొంచెము, లాభము హెచ్చు. కథ రసవత్తరమైన చోట ఆగి “తక్కినది రేపు” అనుడు. ఆ “రేపు” కొరకు పిల్లవాడు తానే పుస్తకము తెరచిన దినమున ఈ సరిహద్దు గ్రామములో తెలుగునకు ఒక పాఠకుడు పుట్టినట్లు. అట్టి పాఠకులు ఇంటికి ఒక్కరు చొప్పున ఉన్నను ఈ పాఠశాల పెట్టిన ఫలము మనకు దక్కును.